అయిదు సున్నపు గీతలు

పదిన్నర గంట మోగేసరికి దేవరాజన్‌కి కోపం నెత్తికెక్కింది. నిప్పార్పే తొట్టి ఖాళీ చేశాడని పట్టుకున్న అద్దకం కార్ఖానా కూలీ కరుప్పన్ కాగితాల మీద పన్నెండింటికి జడ్జి దొర సంతకం పెడతాడు. ఆ సంతకం పడితే ఇక ఆ మనిషిని ఓడెక్కించి సముద్రం అవతల ఖైదీల దీవికి పంపడమే తరువాయి. అక్కడికి పోయి తిరిగొచ్చినవాణ్ని పుదుచ్చేరిలో దేవరాజన్ ఇంతవరకూ చూడలేదు. మిగిలింది గంటన్నర. ఎదురుగా నిలబడ్డ కార్ఖానా మేస్త్రీ దురైసామి మాత్రం తనకి బోలెడు తీరిక ఉన్నట్టు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు.

దేవరాజన్ ఒకప్పుడు పోలీసులోనే ఉండేవాడు. పైదొర రాయమన్న అబద్ధానికి సాక్షిగా సంతకం పెట్టనన్నాడు, ఉద్యోగం ఊడింది. అప్పట్నుంచీ సొంతంగా నేరాలు తవ్వి తీస్తున్నాడు. జడ్జి దొరకి అతనంటే ఇష్టం లేదు గానీ నమ్మకం ఉంది. అందుకే పొద్దున పోలీసు రాసిన కాగితం నకలూ, దాంతో ఒక చీటీ ఇచ్చాడు. పన్నెండులోపు రుజువు తెస్తే చూస్తాను, లేకపోతే లేదు.

"తలపాగా తర్వాత చుట్టుకుందువు గానీ, అడిగినదానికి చెప్పు. నిన్న తొట్టిలో నీళ్లు తగ్గతా ఉండాయని అంజలై నీకు చెప్పిందా లేదా?"

"చెప్పింది సామీ."

"ఎప్పుడు?"

"మూడు గంట కొట్టినాక."

"నువ్వేమన్నావు?"

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "గీత పెట్టేది నీ వేలై, ఆ పని చూసుకో, నీళ్ల సంగతి నీకేందిమే అన్నా."

"ఆరున్నరకి గిడ్డంగి అంటుకుంది. చేతిపంపు గొట్టం మూతికి నీళ్లు అందలా. ఇద్దరు మూటలు మోసేటోళ్లు లోపలే కాలిపోయినారు. నీళ్లు చూసుకునే వేలై ఎవరిది?"

దురైసామి మళ్లీ తలపాగా మీద చెయ్యి వేశాడు. అతన్ని రెండు చెంపలూ వాయించాలనిపించింది దేవరాజన్‌కి. చేతులు వెనక్కి కట్టుకుని తర్వాతి ప్రశ్న వేశాడు.

"తొట్టి గది తాళంచెవి యాడుంటాది?"

"స్టోరు గుమాస్తా చిన్నదురై కాడ, మేకుకి. కరుప్పన్ ఒకటిన్నర దాకా మురుగు తూము చక్రానికి నూనె రాసినాడు. తాళమేసి, చెవి మేకుకి తగిలించి పోయినాడు. మళ్లా మూడింటికి అంజలై తీసింది."

"మధ్యలో ఎవరెవరొచ్చినారు?"

"బయటోళ్లెవరూ రాలా సామీ. పోయిన నెల కూలోళ్లు పని ఆపినప్పట్నుంచీ గేటుకాడ పోలీసు కాపలా గదా!"

ఆ కాపలాకి పెద్ద పోలీసు బ్రిగాదియే పురుషోత్తమన్. కరుప్పన్‌ని పట్టుకున్నదీ, కాగితాలు రాసిందీ అతనే. తొట్టి గదికి తాళం వేసి, ఠాణా తాళాల గుత్తిలోనే ఆ చెవి కూడా తగిలించుకున్నాడు. ఎనిమిదేళ్ల కిందట దేవరాజన్ దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు తలుపు తీయడానికి అతన్నే బతిమాలుకోవాల్సి వచ్చింది.

"రాన్నా, రా! సుమ్మా, ఊరికే చూసిపో. చూసేదానికేమీ లేదులే." పురుషోత్తమన్ నవ్వుతూ తలుపు తోశాడు. నడుముకున్న గుత్తి గలగలమంది.

గది చిన్నది. మధ్యలో నేలలోకి దింపి కట్టిన రాతి తొట్టి, ఒకటిన్నర మీటరు పొడుగు, ఒక మీటరు వెడల్పు. అడుగుకి అర మీటరు పైన మురుగు తూము నోరు, దానికి తీగ జల్లెడ, పైన గట్టు మీద తూము తెరిచే చక్రం. పోయినేడు ఒకసారి నిప్పు అంటుకున్నాక కట్టిన తొట్టి ఇది. ఇందులో నీళ్లు నిప్పుకి తప్ప ఇంకెందుకూ వాడరు. మంచినీళ్లు ఎందుకు దండగని యజమాని అద్దకం బట్టలు జాడించిన నీలిరంగు నీళ్లతోనే దాన్ని నింపించాడు. తూము నోటి దాకా నీళ్లన్నీ పోయాయి. దాని కింద అర మీటరు నీళ్లు మాత్రం చిక్కగా, ముదురు నీలంగా నిలిచి ఉన్నాయి.

ఇనుప మెట్ల పక్కన తొట్టి లోపలి గోడ మీద సున్నపు గీతలు. రోజూ మూడు నుంచి అయిదు దాకా, అరగంటకోసారి గంట మోగినప్పుడల్లా నీటిమట్టం దగ్గర ఒక గీత పెట్టాలి. ఆ పని అంజలైది; గీత పెట్టి మళ్లీ అద్దకం పనికి పోతుంది. అంజలై కరుప్పన్ పెళ్లాం. వాళ్ల వెనకే వచ్చి గది మూలన చీపురు పట్టుకుని నిలబడింది. రాత్రంతా ఏడ్చిన కళ్లు, కానీ ఇప్పుడు వాటిలో తడి లేదు.

దేవరాజన్ మెట్లు దిగి మీటరు బద్దతో కొలిచాడు. తూము నోటి నుంచి అంచు దాకా నూట నలభై నాలుగు సెంటీమీటర్లు. మధ్యాహ్నం పన్నెండింటికి నీళ్లు అంచు దాకా ఉన్నాయని పంపు మనిషి పొద్దున్నే చెప్పాడు. మూడు గంటల గీత వంద మీద. మూడున్నరది ఎనభై ఒకటి. నాలుగుది అరవై నాలుగు. నాలుగున్నరది యాభై నాలుగు. అయిదుది నలభై. దాంతో అంజలై పని వేళ అయిపోయింది.

పై మూడు గీతల మీదా నీలం చుక్కలు చిట్లి ఉన్నాయి. కింది రెండూ తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఎవరో బిందె ముంచి ఉంటారనుకుని అతను పైకొచ్చేశాడు.

"నేనూ కొలిచినాన్నా," అన్నాడు పురుషోత్తమన్, చొక్కా జేబులోంచి కాగితం తీస్తూ. "బద్ద పెట్టి గీసినా. చూడు, అయిదు చుక్కల్నీ ఒరుసుకుంటా పోతాది. ఎక్కడా నాలుగు సెంటీమీటర్లు మించి తేడా లేదు. దాన్ని వెనక్కి పొడిగిస్తే అంచుకి తగిలేది ఒకటీ ఇరవై అయిదుకి. అప్పుడు గదిలో ఉండింది ఎవరు? కరుప్పన్."

"కరుప్పన్ ఎందుకు తిప్పతాడు?"

"కూలోళ్ల కసి. ఇంకా సాక్షి కావాల్నా? చిన్నదురై కళ్లారా చూసినాడు. సాయంత్రం అయిదింటికి కడలూరు దారిలో సుంకం చావడి కాడ నాకు ఎదురుపడి చెప్పినాడు. చెప్పి ఇంగ్లీషోళ్ల సీమలోకి పోయినాడు. జడ్జి దొరకి రాసి సంతకం పెట్టి ఇచ్చినా."

"అయిదింటికి నీకు తెలిసిందా, తొట్టి ఖాళీ అవతా ఉందని?" దేవరాజన్ గొంతు లేచింది. "నిప్పు అంటుకునింది ఆరున్నరకి. గంటన్నర సేపు ఏం చేస్తా ఉండావు? తూము కట్టేయమని ఒక మనిషిని పంపలేకపోతివా?"

"నిప్పు అంటుకుంటాదని నాకు కల వచ్చిందా ఏంది?"

దేవరాజన్ పళ్లు బిగించాడు. ఇద్దరు మనుషులు కాలి బొగ్గయిన మర్నాడు కల మాట మాట్లాడుతున్నాడు వీడు! వీడికి పని నేర్పింది తానేనని తల్చుకుంటే ఒళ్లు మండిపోయింది.

"అంజలై, ఆ చీపురు ఇట్లా ఇయ్యి."

అతను చీపురులోంచి ఒక పొడుగాటి కొబ్బరి ఈనె లాగాడు. గోడకి ఆనించిన రంగుపెట్టె మూత నేల మీద పరిచి, బొగ్గుతో అడ్డంగా గంటలూ నిలువుగా సెంటీమీటర్లూ వేశాడు. అయిదు గీతలకీ అయిదు బొగ్గు చుక్కలు.

"నువ్వు చెప్పమ్మా. నిండుకుండకి అడుగున చిల్లు పడితే నీళ్లు ఎట్లా కారతాయి?"

"ముందు జోరుగా వచ్చేస్తాది. పోనుపోను సన్నగా వస్తాది," అంది అంజలై. "దీనికి చదువు కావల్నా?"

"బ్రిగాదియే గారికి కావాల్సొచ్చింది." దేవరాజన్ ఈనెని మొదటి మూడు చుక్కల మీదా ఆనించి మెల్లగా వంచాడు. "నీళ్లు నిండుగా ఉన్నప్పుడు బరువెక్కువ, తూములోంచి వేగంగా పోతాయి. తగ్గేకొద్దీ వేగమూ తగ్గతాది. అది నిటారు బద్దకి లొంగదు, ఇట్లా వంగతాది. చూడు. మూడు నుంచి మూడున్నరకి పందొమ్మిది తగ్గింది. తర్వాత అరగంటకి పదిహేడు. అరగంటకి రెండు చొప్పున తగ్గుదల తగ్గతా ఉంది. వెనక్కి పోతే రెండు చొప్పున పెరగాల. రెండున్నర నుంచి మూడుకి ఇరవై ఒకటి. రెండు నుంచి రెండున్నరకి ఇరవై మూడు. వందకి ఇరవై ఒకటి కలుపు, ఇరవై మూడు కలుపు."

పురుషోత్తమన్ పెదాలు కదిలాయి. "నూట నలభై నాలుగు."

"అంచు. సరిగ్గా రెండు గంటలకి. తూము తిప్పింది రెండింటికి! కరుప్పన్ ఒకటీ ముప్పావుకి ధర్మాసుపత్రిలో ఉండాడు, కంట్లో సున్నం పడిందని. రెండున్నర దాకా అక్కడే ఉండాడు. కళ్లు కడిగిన నర్సమ్మ వేళతో సహా రాసిపెట్టింది."

అంజలై చేతిలోంచి చీపురు జారి కింద పడింది. పదకొండు గంట మోగింది.

పురుషోత్తమన్ వంగి మూత కేసి చూశాడు. వెంటనే నవ్వేశాడు.

"బలే ఉందన్నా నీ ఈనె. మరి ఈ చివరి రెండు చుక్కలూ? నాలుగున్నరకి నీ వంపు నలభై తొమ్మిది దగ్గర ఉంది, గీత యాభై నాలుగు దగ్గర ఉంది. అయిదుకి నీది ముప్పై ఆరు, గీత నలభై. ఉండేదే అయిదు చుక్కలు, అందులో రెండు నీకు పనికిరావు. నా బద్దకి అయిదూ పనికొస్తాయి. జడ్జి దొర ఎవరి మాట వింటాడు?"

నిజమే. దేవరాజన్ ఈనెని ఎటు వంచినా అయిదు చుక్కల మీదా కూర్చోవడం లేదు. మూడింటి మీద కూర్చోబెడితే రెండు పైకి తేలుతున్నాయి. రెండింటి కోసం వంపు సడలిస్తే మొదటి మూడూ చెడిపోతున్నాయి. టైము చూస్తే పరుగెత్తుతోంది. చిరాకులో నోరు జారాడు.

"ఆ రెండు గీతలూ తప్పు పడినాయి. సాయంత్రం అలసట, ఆడమనిషి, ఏదో ఒక చోట పూసేసి ఉంటాది."

"ఏంది?"

అంజలై అడుగు ముందుకేసింది.

"ఏంది అంటాండావు నువ్వు? నేను తప్పు గీసినానా? మెట్లు దిగి, మోకాళ్ల మీద వంగి, నీళ్లకి వేలు ఆనించి, వేలి మీద గీత పెడతా. తొట్టి కట్టిన కాడ్నుంచీ నాది ఒక్క గీత తప్పు పడలా. పడితే ఆ పూటకి ఇంటికి తరిమేస్తారు, తెలుసునా? నీళ్లు తగ్గతా ఉండాయని మేస్త్రీకి చెప్తే నీకేంది అన్నాడు. ఆయన బద్ద పెట్టి నా గీతల్తోనే నా మొగుడి మెడకి తాడేసినాడు. నువ్వు మా పక్క మనిషివి అనుకుంటి. నీకూ నీ పుల్ల వంగేదానికి నేనే అడ్డమా? నీ పుల్ల తప్పని ఎందుకనవు?"

దేవరాజన్ తలెత్తలేకపోయాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎనిమిదేళ్ల కిందట ఇదే పురుషోత్తమన్‌కి తను నేర్పిన మొదటి పాఠం, సాక్షి మాట నీ లెక్కకి పొసగకపోతే ముందు నీ లెక్క చూసుకో అని.

"తప్పు నాదే చెల్లెమ్మా," అన్నాడు. "నీ గీత నిజం. అయిదూ నిజమే."

అయిదూ నిజమైతే? అతను మళ్లీ ఆ చుక్కల మీదికి వంగాడు. పందొమ్మిది, పదిహేడు. తర్వాత పదిహేను రావాలి, పది వచ్చింది. దాని తర్వాత పదమూడు రావాలి, పద్నాలుగు వచ్చింది. అంటే నాలుగున్నర తర్వాత తూము మళ్లీ మామూలుగానే పారింది. నాలుగుకీ నాలుగున్నరకీ మధ్య మాత్రం అయిదు సెంటీమీటర్లు లెక్కకి రాలేదు.

"తూముకి చెత్త అడ్డం పడి ఉంటాది," అన్నాడు పురుషోత్తమన్. ఈసారి నవ్వలేదు.

"జల్లెడ నిన్న పొద్దున నేనే కడిగినా," అంది అంజలై. "గీత పెట్టిన ప్రతిసారీ చూసినా. చెత్త లేదు."

దేవరాజన్ ఈనె వంపు ఏమాత్రం మార్చకుండా పది నిమిషాలంత కుడివైపుకి జరిపాడు. నాలుగో చుక్క మీద కూర్చుంది. అయిదో చుక్క మీదా కూర్చుంది. అదే వంపు. పది నిమిషాల పాటు పోయిన నీళ్లు మళ్లీ తొట్టిలోకి వచ్చినట్టు. కానీ పంపు మధ్యాహ్నమే కట్టేశారు. వాన లేదు. నీళ్లు రాలేదు, నీళ్లని ఏదో పైకి నెట్టింది.

అప్పుడు గుర్తొచ్చాయి నీలం చుక్కలు. పై మూడు గీతల మీదా ఉన్నాయి, కింది రెండింటి మీదా లేవు. నాలుగింటి గీత పెట్టాక, నాలుగున్నర గీత పెట్టకముందు ఈ నీళ్లు పెద్దగా చిందాయి.

"ఒకటిన్నర మీటరు పొడుగు, ఒక మీటరు వెడల్పు, అయిదు సెంటీమీటర్ల ఎత్తు," అన్నాడు దేవరాజన్ పైకే. "డెబ్బై అయిదు లీటర్లు. ఎంతుంటాదో తెలుసునా బ్రిగాదియే? ఒక మనిషంత. పక్కన ఒక రాయి."

గోడకి వేలాడుతున్న కొక్కెం కర్ర అందుకున్నాడు. అద్దకం తొట్లలోంచి బట్ట లాగే కర్ర అది.

"అడుగు కెలకబాకన్నా." పురుషోత్తమన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "సీలు వేసిన చోటు. తేరిన రంగు కలిసిపోతే రుజువు చెడతాది. దొర నిన్ను చూసిపొమ్మన్నాడు, కెలకమనలా."

"రుజువు చెడేదేంది? నీ కాగితం మీద ఈ అడుగు ఊసే లేదే!"

అతను మెట్లు దిగి నీళ్లలో కాలు పెట్టాడు. మోకాళ్ల దాకా నీలం. కొక్కెం అడుగునంతా తడిమింది. మొదట రాయి తగిలింది, తర్వాత మెత్తగా ఏదో తగిలింది. దేవరాజన్ కర్ర వదిలేసి రెండు చేతులూ ముంచాడు. తాడు దొరికింది, తాడు పట్టుకుని పైకి లాగాడు. చొక్కా కాలరు వచ్చింది, దాని వెనక జుట్టు వచ్చింది, ఆ తర్వాత ముఖం తిరిగింది. నుదుటి మీద పగిలిన గాయం. ముఖం నీలంగా ఉన్నా గుర్తుపట్టడానికి కష్టం లేదు.

అంజలై తొట్టి అంచు పట్టుకుని వంగి చూసింది.

"చిన్నదురై," అంది. "స్టోరు గుమాస్తా. కడలూరు పోయినాడంటిరే?"

దేవరాజన్ నీళ్లలోనే నిలబడి, జడ్జి దొర పొద్దున ఇచ్చిన నకలు తడి చేతులతో జేబులోంచి తీశాడు. గట్టిగా చదివాడు.

"'సాయంత్రం అయిదు గంటలకు సుంకం చావడి వద్ద చిన్నదురై నాకు ఎదురుపడి, నాతో మాట్లాడి, సరిహద్దు దాటిపోయినాడు. ఇది నా కళ్లతో చూసినది. పురుషోత్తమన్, బ్రిగాదియే.' అయిదింటికా? నాలుగున్నరకే వీడు ఈ నీళ్లలో ఉండాడు! అంజలై గీత చెప్తా ఉంది. నువ్వు ఎవరితో మాట్లాడినావురా అయిదింటికి?"

అతను తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. తలుపు దభాల్న మూసుకుంది. బయట గడియ పడింది, తాళం తిరిగింది. బూట్ల చప్పుడు గేటు వైపు పరుగు తీసింది, దాంతోపాటే తాళాల గుత్తి గలగలా దూరమైపోయింది.

బయటోళ్లెవరూ రాలేదన్నాడు మేస్త్రీ. గేటు దగ్గర ఉన్నవాడు వాళ్ల లెక్కలో బయటివాడు కాదు. రెండింటికి తూము తిప్పిందీ, నాలుగు దాటాక చిన్నదురైని ఈ నీళ్లలో ముంచిందీ వాడే. పొద్దున ఆ మాట విన్నప్పుడే తట్టి ఉండాల్సింది. దేవరాజన్ తన్ను తానే తిట్టుకున్నాడు.

"అన్నా," అంది అంజలై, తలుపు కేసే చూస్తూ. "ఠాణాలో నా మొగుణ్ని పెట్టిన గది తాళంచెవి గూడా ఆ గుత్తిలోనే గదా ఉండేది?"

తాళమేసి తాళంచెవి మేకుకి తగిలించింది కరుప్పన్. ఆ మేకు దగ్గర అప్పుడు చిన్నదురైతో ఎవరు నిలబడి మాట్లాడుతున్నారో చూసినవాడు ఇంకెవరైనా బతికి ఉంటే, అది కరుప్పన్ ఒక్కడే. ఆ ఒక్కడూ పురుషోత్తమన్ తాళం వెనకే ఉన్నాడు.

"తలుపు మందం ఎంత?" అన్నాడు దేవరాజన్.

ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని తొట్టి అంచున కూర్చుని రెండు చేతులూ కిందికి చాపింది.

"ఆ రాయి ఇట్లియ్యన్నా."

అతను శవం నడుముకున్న ముడి పళ్లతో కొరికి విప్పాడు. అద్దకం తొట్టిలో బట్ట తేలకుండా పెట్టే రాయి అది. అందించగానే ఆమె దాన్ని గుండెకి ఆనించుకుని లేచి, నాలుగడుగులు వేసి, గడియ ఉన్న చోట తలుపుని బాదింది. మళ్లీ బాదింది. మూడో దెబ్బకి నీళ్లు ఓడుతున్న బట్టలతో దేవరాజన్ వచ్చి పక్కన నిలబడి రాయికి తన చెయ్యీ వేశాడు.

బయట పదకొండున్నర గంట మోగింది. చెక్క ఇంకా చీలలేదు.